ముందుగాల నీళ్లు

పోయినాయన మీద కోపం పెట్టుకోకూడదంటారు. శవాగారం బయట నిలబడి నేనూ చాలా ప్రయత్నం చేశాను. పోలేదు.

పెట్టె మూసేముందు మొహం చూపించారు. తెలుగువాళ్ళం ఓ గుప్పెడుమందిమి వచ్చాం, అంతే. ఇక్కడ కువైట్‌లో, అర్దియాలో ఆయనతో గది పంచుకున్న జగిత్యాల అతను ఒక్కడే ఏడుస్తున్నాడు. పొద్దున డ్యూటీకి లేపితే సారు లేవలేదట. గుండె ఆగిందని డాక్టర్లు రాశారు.

"మీకేమైతడమ్మా సారు?" అని అడిగాడు నన్ను.

"ఒకే చోట పనిచేశాం" అన్నాను.

అంతకన్నా ఏం చెప్పను? మా అక్క సంగతి శవం ముందు ఎత్తలేను కదా. చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపు ఆయన నుదుటికి ఆనించాను. ఆయన దేన్నైనా అలాగే చూసేవాడు. అరచెయ్యి పనులు చేసి చేసి మొద్దుబారి ఉంటుందనీ, చేతి వెనక భాగం అబద్ధం చెప్పదనీ ఆయన నమ్మకం. టీ గ్లాసునీ, బస్సు కిటికీనీ, మిషన్ మీది గొట్టాన్నీ అలాగే తాకి చూసేవాడు. నుదురు చల్లగా ఉంది. ఇంకొకసారైతే "చల్లగున్నదా? దేంతోని పోలిస్తే?" అనేవాడు.

ఆ ప్రశ్నకు మా ల్యాబంతా బెదిరేది. ఎండ ఎక్కువగా ఉంది సార్ అంటే "దేంతోని పోలిస్తే?" కూర బాగుంది సార్ అన్నా అదే. ఒకసారి మా ఇంటికి భోజనానికి పిలిస్తే, మా ఆయన మర్యాదకి "కువైట్‌లో బాగానే ఉన్నారా సార్?" అని అడిగాడు. సారు అన్నం కలుపుతూ ఆగి, "దేంతోని పోలిస్తే?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే జవాబు కోసం చూస్తున్నాడు. మా ఆయన ఆ తరవాత ఆయన్ని కుశలప్రశ్నలు అడగడం మానేశాడు.

ఆ రోజే మా వంటింట్లోకి వచ్చి, జేబులోంచి అయస్కాంతం తీసి నా స్టీలు గిన్నెలన్నిటికీ పెట్టి చూశాడు. అమ్ఘరా పాత ఇనుము యార్డులో దొరికిన స్పీకరు బిళ్ళ అది. ఎప్పుడూ జేబులోనే ఉండేది. అంటుకోని మంచి స్టీలు గిన్నెల్ని ఒక పక్కా, అంటుకున్న నాసిరకంవాటిని ఒక పక్కా పెట్టి, "చెల్లె, నీకు గీ సాంబారు గిన్నె అంటగట్టినోడు దొంగ" అని తేల్చాడు. అది మా అత్తగారు పెట్టిన గిన్నె. ల్యాబు గుమ్మంలో మాత్రం ఆ బిళ్ళని బయట కొక్కానికి తగిలించి లోపలికి వచ్చేవాడు, గుడి ముందు చెప్పులు విడిచినట్టు.

మా పని సంగతి చెప్పకపోతే ఆయన అర్థం కాడు. అది ఒక కాలేజీ ల్యాబు. ఆయన పరిశోధకుడు. నేను సీసాలు కడిగి, పరికరాలు సర్ది, చెప్పిన అంకె రాసుకునే అసిస్టెంటుని. నీళ్ళలో కంటికి కనబడనంత సన్నటి అయస్కాంతపు రేణువుల్ని కలిపితే నల్ల సిరాలా ఉంటుంది. దాన్ని చిన్న సీసాలో పోసి, రాగి గొట్టం చుట్టలు చుట్టిన కాయిల్ మధ్యలో పెట్టి కరెంటు ఇస్తే, అయస్కాంత శక్తి అటూ ఇటూ క్షణానికి లక్షలసార్లు తిరగబడుతుంది. రేణువులు దాంతో వేడెక్కుతాయి. క్యాన్సరు గడ్డలోకి వాటిని పంపి అక్కడే వేడి పుట్టిస్తే గడ్డ చస్తుందని లోకంలో చాలామంది ఆశ. అది చేసేవాళ్ళు ఎక్కడో ఉంటారు. మా వంతు అంతకు చాలా ముందుది. ఎన్ని రేణువులు ఎంతసేపట్లో ఎంత వేడి ఇస్తున్నాయో కొలవడం. అంతే.

వేడి కొలవడం ఏముందిలే అనుకునేదాన్ని మొదట్లో. మామూలు థర్మామీటరు పెట్టబోతే చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. అందులో లోహం ఉంటే అదే వేడెక్కి తప్పు అంకె చెబుతుందట. "సాక్షే దొంగైతే కేసెట్ల నడుస్తది చెల్లె?" అని, వెంట్రుక లాంటి గాజుపోగు థర్మామీటరు తీసి ఇచ్చాడు. ఇక రేణువుల్ని పెట్టే ముందు ప్రతిసారీ అలాంటి సీసాలోనే ఉత్త నీళ్ళు పోసి అదే కాయిల్లో పెట్టేవాడు. "ముందుగాల నీళ్లు" అనేవాడు. నీళ్ళలో ఏమీ లేదు. అయినా కాయిల్ వేడి తగిలి ఎంతో కొంత కాగుతాయి. ఆ కాగినంత లెక్కలోంచి తీసేస్తే మిగిలిందే రేణువుల గొప్ప. "ఏం లేనోడికి ఎంతొస్తదో చూడకుండ, ఉన్నోడిని మెచ్చుకోవద్దు" అనేవాడు. మనుషుల విషయంలోనూ ఆయన లెక్క అదే అనుకుంటాను, ఎవర్నీ తొందరగా మెచ్చుకునేవాడు కాదు. అందుకే ఆయన మెచ్చుకుంటే ఎవరైనా నమ్మేస్తారు.

కాయిల్‌ని చల్లగా ఉంచే చిల్లర్ చాలా నెలలుగా చెడిపోయి ఉంది. కొత్తది అడిగినప్పుడల్లా ఆఫీసువాళ్ళు "బుక్రా, ఇన్షాఅల్లా" అనేవారు. రేపు, దేవుడి దయ ఉంటే ఇస్తామని. ఈలోపు సారు సింకు కొళాయికి గొట్టం తగిలించి ఆ నీళ్ళతోనే కాయిల్‌ని చల్లబరిచేవాడు. ఏ కొళాయికి తగిలించాడన్నదే ఈ కథంతా.

కువైట్‌లో వేసవి గడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చన్నీళ్ళ కొళాయి తిప్పితే మిద్దె మీది ట్యాంకులో ఉడికిన నీళ్ళు వచ్చి చెయ్యి బొబ్బలెక్కుతుంది. అందుకని అందరం గీజర్లు ఆపేస్తాం. గీజరు ఏసీ గదిలో ఉంటుంది కాబట్టి దాంట్లో నిలవున్న నీళ్ళు చల్లబడతాయి. వేసవంతా ఎర్ర గుర్తున్న వేణ్ణీళ్ళ కొళాయిలోనే చన్నీళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళకి మేం నేర్పే మొదటి పాఠం అదే. సారు కూడా గొట్టాన్ని ఎర్ర కొళాయికే తగిలించాడు. ఇక్కడ బతికినవాడెవడైనా అదే చేస్తాడు.

మా అక్క సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పని చేసేది. నాకన్నా చాలా ముందు వచ్చింది కువైట్‌కి. నన్ను రప్పించిందీ, చదువుకున్నావు కాబట్టి ఇళ్ళల్లో చెయ్యొద్దని తిట్టి ఈ ఉద్యోగంలో చేర్చిందీ తనే. రొమ్ములో గడ్డ ఉందని తెలిసి కూడా చాలాకాలం ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంది. చివరికి వాళ్ళ మామా, అంటే ఆ ఇంటావిడ, ఆస్పత్రికి తీసుకెళ్ళింది. క్యాన్సరే. తొందరగా ఆపరేషన్ చేసి తీసెయ్యాలన్నారు. సొంతూళ్ళో, అయినవాళ్ళ దగ్గర చేయించుకొమ్మని మామా టికెట్ కొనిచ్చింది. మంచి మనిషే. అక్కకే భయం. కత్తి అంటే భయం, తిరిగొచ్చేసరికి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోతుందేమోనని భయం. అలాంటప్పుడు నా నోట సారు మిషన్ సంగతి వింది.

"పోయేలోగా ఒక్కసారి చూసి పోతా మే" అంది.

సారుని అడిగితే సరేనన్నాడు. శుక్రవారం కాలేజీ సెలవు. ఆయనకి మాత్రం సెలవుల్లోనే పని బాగా సాగేది. అక్క నల్ల అబాయా వేసుకుని, సంచీలో ఖర్జూరాలు పట్టుకుని వచ్చింది. వాళ్ళింటి డ్రైవరు కింద కారులో ఉన్నాడు.

"ఏం సార్, కోయకుండానే గడ్డ కరిగిస్తారంట గదా మీరు?"

"లేదమ్మా. గిది రోగం తీసే మిషిన్ కాదు. వేడి కొలిచేటిది. మనుషుల దాంక రావాలంటే ఇంకా శాన దూరమున్నది. మీరు పోయి ఆపరేషన్ చేయించుకోండ్రి."

"లోపలనుంచి కాపడం పెట్టడమే గదా సార్?"

సారు నవ్వాడు. "మా పుస్తకాలల్ల ఇంత మంచిగ ఎవ్వరు రాయలేదమ్మా" అన్నాడు.

ఆ మెచ్చుకోలుకి అక్క మొహం వెలిగింది. ఒక్కసారి వేడెక్కించి చూపించమంది. అప్పుడే ఒక కొత్త రకం రేణువులు తయారై ఉన్నాయి. సారు కొళాయి తిప్పాడు, గొట్టాన్ని చేతి వెనకతో తాకాడు, చల్లగానే ఉంది. అలవాటు ప్రకారం ఉత్త నీళ్ళ సీసా అందుకోబోయాడు.

"నీళ్ళు కాగేది నేను చూడందా సార్? దినామూ చూసేదే. ఆ నల్లదాన్ని పెట్టండి, డ్రైవరు హారను కొడతాండాడు" అంది అక్క.

సారు ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. "సరే, నీళ్లయి మొన్ననే చూసినం. అవే ఉంటయి" అని నల్ల సీసా పెట్టాడు.

అంకె కదిలింది. తరవాత ఎక్కడం మొదలుపెట్టింది. ఎప్పుడూ నడిచే అంకె ఆ రోజు పరిగెత్తింది. సారు కుర్చీలోంచి లేచాడు, తెర దగ్గరికి వంగాడు, నా భుజం మీద చరిచాడు. "చెల్లె! ఇన్నేండ్లల్ల గిట్ల ఎన్నడు చూడలే!" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనక్కి తిరిగి మా అక్కకి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, నీ అడుగు మంచిదమ్మా! నువ్వొచ్చిన యాళ్ళ మంచిది!"

అక్క ఏడ్చేసింది. అదృష్టం ఎరగని మనిషి. పెళ్ళైన ఏడాదికే మొగుడు పోతే కాలు మంచిది కాదని అత్తగారింట్లో తిట్లు తిన్న మనిషి. అంత చదువుకున్నాయన దండం పెట్టి, నీ అడుగు మంచిది అన్నాడు.

ఆ సాయంత్రమే టికెట్ వద్దని మామాకి చెప్పేసింది. సారు మిషన్ అయ్యేదాకా ఓర్చుకుంటుందట.

నాకు ఆదివారం పొద్దున ఫోన్ చేసి చెప్పింది. ఆ మాట సారుకి చెప్పడానికి ల్యాబులోకి వెళ్ళేసరికి ఆయన తెర ముందు కదలకుండా నిలబడి ఉన్నాడు. కాయిల్లో ఉత్త నీళ్ళ సీసా ఉంది. అంకె పరిగెత్తుతోంది.

ఏమీ లేని నీళ్ళు, అచ్చం శుక్రవారం నల్ల సీసా ఎక్కినట్టే ఎక్కుతున్నాయి.

సారు గొట్టాన్ని చేతి వెనకతో తాకి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. కాలిపోతోంది. చలికాలం మొదలవుతోందని మెయింటెనెన్స్ వాళ్ళు గురువారం సాయంత్రం గీజర్లు వేసి పోయారు. శుక్రవారం గొట్టంలో నిలవున్న చన్నీళ్ళు ముందు వచ్చాయి. వాటినే ఆయన తాకి చూశాడు. వెనకే గీజరు నీళ్ళు వచ్చి కాయిల్‌ని కాచాయి, కాయిల్ సీసాని కాచింది. కొత్త రేణువులు చేసింది ఏమీ లేదు, పాతవాటి పాటి కూడా లేవు.

"ఎర్ర నల్లా చెల్లె" అని నేల మీద కూర్చున్నాడు. అక్క టికెట్ సంగతి చెప్పాను. ఆయన లేచి, గుమ్మంలో కొక్కానికున్న అయస్కాంతం కూడా తీసుకోకుండా బయటికి నడిచాడు. ఇద్దరం టాక్సీ ఎక్కాం.

సబా అల్ సలేంలో ఆ ఇంటి వెనక, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. అక్క చేతులకి ఉల్లిపాయ పొట్టు.

"అమ్మా, మొన్న మీకు చూపించింది తప్పు. అది మందు వేడి కాదు, గీజర్ వేడి. నేను చూసుకోలే. ఉత్త నీళ్లు పెట్టినా అంతే కాగినయ్. టికెట్ మళ్ళ చేయించుకోండ్రి, మీ కాళ్ళు మొక్కుత."

అక్క ముందు నవ్వింది. "వంటింట్లో ఉండేదాన్ని, నాకే గీజరు వేడి తెలుస్తాదే. అంత చదువుకున్నోళ్ళు, మీకు తెలీకుండా పోతాదా సార్?"

"తెల్వలేదమ్మా. నిజంగ తెల్వలేదు."

"నాకు దండం పెట్టి, నీ అడుగు మంచిది అనలేదా మీరు?"

"అన్న."

"అది గూడా గీజరేనా సార్?"

సారు తల దించుకున్నాడు. అవును అనాల్సింది. అంకెలో పిసరు తేడా వస్తే పేజీలకు పేజీలు కొట్టేసే మనిషి, ఆ ఒక్క మాటని కొట్టెయ్యలేకపోయాడు. అక్క మొహం చూసి అవునని ఎవడు అనగలడు? అయినా అనాల్సింది. నా కోపం ఆ కొలత మీద కాదు. కొలతలు తప్పుతాయి, గీజర్లు ఎవరో వేస్తారు. ఆ మాట వేరు. దాన్ని ఆయన అన్నాడు, వెనక్కి తీసుకోకుండా తిరిగి వచ్చాడు.

ఆయన్ని వీధి చివర నిలబెట్టి నేను మళ్ళీ లోపలికెళ్ళి పోట్లాడాను. అక్క గుసగుసగా అంది: "నీకు తెలీదు మే. షేకులెవురో ముందు మాకే కావాలని ఉంటారు. పాపం ఆయప్ప చెప్పలేక గీజరు గీజరు అంటాండాడు. మొన్న ఆయప్ప మొగం నేను చూసినా గదా. అబద్ధం చెప్పే మొగమా అది? నా అడుగుకే వేడెక్కిన మిషను, నాకు కాకుండా పోతాదా?"

మామా కూడా "రూహీ, రూహీ" అని, వెళ్ళమని చెయ్యి ఊపి మరీ చెప్పింది. సారు ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు, ఆపరేషన్‌కి పొమ్మని బతిమాలేవాడు. ఎంత బతిమాలితే అక్కకి అంత నమ్మకం. ఒట్టి చేతుల మనిషైతే ఇంత అక్కర ఎందుకు పడతాడు అనేది. మిషన్ పని త్వరగా కానియ్యమని ఆయనకే ధైర్యం చెప్పేది.

చలికాలం వెళ్ళి దుమ్ముగాలులు మొదలయ్యేసరికి అక్క మెట్లెక్కలేకపోయింది. అప్పుడు మామా మళ్ళీ టికెట్ కొని, నన్ను తోడిచ్చి పంపింది. మా ఊరివైపు ఆస్పత్రిలో స్కాన్ తీసి, ఊపిరితిత్తుల్లోకి పాకిందని, ఇక కోసి లాభం లేదని పంపారు. మంచం మీద ఉండి కూడా అడిగింది, సారు ఫోన్ చేశాడా అని. చేశాడన్నాను. ఏమన్నాడని అడిగితే, పని జరుగుతోందన్నాడు అన్నాను. "చూసినావా" అంది, గెలిచినట్టు. అవే నాతో చివరిగా తెలివితో మాట్లాడిన మాటలు.

తిరిగొచ్చి డ్యూటీలో చేరిన రోజు సారు నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు.

"చెల్లె, ఒకటి అడుగుత. దాచకు. ఆమె ఆ మొదటి టికెట్ మీద పోయుంటే బతికేదా?"

"నేనూ డాక్టర్ని అదే అడిగాను సార్. అప్పటికే పాకి ఉండొచ్చు, ఉండకపోవచ్చు, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు అన్నాడు."

ఆయన కాయిల్ వైపు తిరిగాడు.

"దీనికి నీళ్ల కొలత లేదు చెల్లె" అన్నాడు. "పోయుంటే ఏమయ్యేదో పక్కన పెట్టి చూసుకోనీకి లేదు. ఎంత నా పాపమో, ఎంత కాదో, తీసేసి చూసుకోనీకి లేదు."

ఓదార్చాలనిపించలేదు. ఆయన ఓదార్పు కోసం రాలేదు కూడా. జవాబు కోసం వచ్చాడు, అది ఎవరి దగ్గరా లేదు.

ఆ తరవాత ఆయన నల్ల సీసాల జోలికి వెళ్ళడం నేను చూడలేదు. పొద్దున్నే వచ్చి ఉత్త నీళ్ళు పెట్టేవాడు. అంకె రాయించేవాడు. నమ్మకం కలక్క మళ్ళీ పెట్టేవాడు. రేణువుల సీసాలు అరలో అలాగే ఉండి, నలుపంతా అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటపడ్డాయి. కాలేజీ పిల్లలు వెనక నవ్వేవాళ్ళు. ఎవరన్నా సార్ ఎలా ఉన్నారు అంటే "దేంతోని" అని మొదలుపెట్టి, ఆపేసేవాడు.

ఆయన పెట్టె హైదరాబాద్ విమానం ఎక్కిన వారానికి కొత్త చిల్లర్ వచ్చింది. ఆ బుక్రా ఇప్పటికి తెల్లారింది. ఆయన స్థానంలో వచ్చిన ఈజిప్టు ఆవిడ నల్ల సీసా చేతిలో పట్టుకుని "యల్లా, యల్లా" అని తొందరపెట్టింది. నేను వినిపించుకోలేదు. ఉత్త నీళ్ళ సీసా పెట్టి, గొట్టాన్ని చేతి వెనకతో తాకి చూసి, కరెంటు ఇచ్చాను.

అంకె కదల్లేదు. ఆవిడ విసుక్కుని బయటికెళ్ళి మళ్ళీ వచ్చేదాకా చూశాను. కదల్లేదు.

ఆ శుక్రవారం ఈ చిల్లర్ ఉండి నీళ్ళు ఇలా నిలబడి ఉంటే మా అక్క ఆ విమానం ఎక్కేది. అంతవరకూ నేను ఏ కొలతా లేకుండా చెప్పగలను. ఎక్కి బతికేదా అని ఆయన అడిగింది మాత్రం నాకు తెలీదు. ఇప్పుడు అది అడిగేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.